పెనుకొండ కొండ మీద విమానాల లెక్క

నవ్వకుండా వింటామంటేనే చెప్తా. నిన్న పెనుకొండ పోలీసులు నన్ను జపాన్ గూఢచారి అని పట్టుకున్నారబ్బా! ధర్మవరంలో పట్టు చీరలు అమ్ముకునే నన్ను!

అంతా ఆ విమానం కంపెనీ షేర్ల వల్లే. హిందూపురంలో ఒక ఏజెంటు తగులుకున్నాడు. "యుద్ధం అయిపోనీ అన్నా, బస్సు మాదిరి అందరూ విమానమే ఎక్కుతారు. ఇప్పుడైతే షేరు చౌక!" అన్నాడు. రెండు కొత్త మగ్గాలకని దాచిన దుడ్లు నా దగ్గర ఉండాయి. ఆశ పుట్టింది. మా ఇంటామె మాత్రం, "మగ్గమైతే కంటికి కనపడతాది. ఆకాశంలో పోయేదాన్ని ఏం చూసి కొంటావు?" అనింది.

నేనేమన్నా గుడ్డిగా కొనేవాణ్ణా? కొత్త షాపుకి చీరలు వేసే ముందు ఎదురుగా కాఫీ హోటల్లో కూర్చొని, ఎంతమంది వస్తారు, ఎంతమంది మూటతో బయటికి పోతారు అని రాసుకునే మనిషిని. కంపెనీకీ అదే పద్ధతి! వాళ్ళ విమానాలు పెనుకొండ మీదుగానే పోతాయని ఏజెంటే చెప్పినాడు. గొడుగు, నోటుబుక్కు, సద్దిమూట పట్టుకొని రైలెక్కి పోయి, పొద్దున్నే కొండెక్కి కూర్చున్నా.

ఏం విమానాలబ్బా! మధ్యాహ్నానికే పదకొండు! టైము, వచ్చిన దిక్కు, పోయిన దిక్కు, అన్నీ రాసినా. ఇంత గిరాకీనా అని సంబరంతో ఒక్కణ్ణే గంతులేసినా. మగ్గాలు గిగ్గాలు అన్నీ మర్చిపోయినా. పన్నెండోది వస్తాంటే వెనక నుంచి ఎవరో నా కాలరు పట్టుకున్నారు.

స్టేషన్లో ఎస్సై నోటుబుక్కు తిరగేసినాడు. "ఎవరికి పంపుతాండావు ఇది?"

"ఎవరికీ లేదు సామీ! షేర్లు కొందామని..."

"ఇవన్నీ మిలిటరీ విమానాలప్పా! నీ కంపెనీది ఒక్కటీ లేదు దీంట్లో!"

ఓరి దేవుడా! జైలు భయం ఒక పక్క, పదకొండూ పోయెనే అన్న దుఃఖం ఇంకో పక్క.

కబురు అంది మా ఇంటామె సాయంత్రం రైలుకి వచ్చింది. సంగతి వినగానే కొంగు అడ్డం పెట్టుకొని ఒకటే నవ్వు. "ఈయన గూఢచారా సామీ? ఈయన నోట్లో నువ్వుగింజ నానదు! షేర్ల మాట గుట్టుగా ఉంచమంటే ధర్మవరమంతా చెప్పొచ్చినాడు."

అప్పుడే డ్యూటీకి వచ్చిన కానిస్టేబులుది మా వీధే. "నాకూ చెప్పినాడు సార్, రెండు సార్లు" అన్నాడు.

ఎస్సై ఇంకేమీ అడగలేదు, పొమ్మన్నాడు. మగ్గాలు చేసే ఆచారికి ఈ పొద్దే బయానా ఇచ్చేసినాం.

రైల్లో వస్తాంటే ఈ సంగతి ఎవరికీ చెప్పనని మా ఇంటామె నా చేత ఒట్టు వేయించుకుంది. వేసినా. పొద్దున్నుంచి మీరు ఏడో గుంపు!