దిగిపోయే ఈల

తొంభైల చివర్లో నా పరిశోధన, అంతరిక్ష ప్లాస్మాలో యాంటెన్నా తరంగాలను ఎలా అందుకుంటుందన్నది. యూనివర్సిటీ వాళ్ళు ఉపగ్రహం ఇవ్వలేదు కనుక, మొగల్తూరులో అద్దెకున్న ఇంటి వెనక రెండు కొబ్బరిచెట్ల మధ్య రాగితీగ కట్టుకున్నాను. పక్కింటాయన సముద్రం మీద వేటకెళ్ళేవాడు. ఆయన భార్య ఆ తీగ మీద సావిడాయి చేపలు ఎండేసేది. నా తొలి ఫలితాల్లో చేపల వాటా తక్కువేమీ కాదు.

ఓసారి ఆవిడ నా హెడ్‌ఫోన్స్ చూసి, ఇందులో ఏం వినపడుద్దండి మాస్టారూ అని అడిగింది. ఎక్కడో మెరిసిన మెరుపు పైకెళ్ళి, ప్లాస్మాలో సాగి, ఈలలా దిగి వస్తుందని చెప్పి ఊరుకోవాల్సింది.

"పోయినవాళ్ళంతా ఈలలేస్తారమ్మా," అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ ఏడు తుపానుకి ఆయన పడవ తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించేద్దామన్నారు వాళ్ళ పెద్దలు. ఆవిడ బొట్టు తీయనంది. అమావాస్య దాకా ఆగుతామన్నారు. ఆ అమావాస్యనాడు నేను తెల్లారి లేచేసరికి ఆవిడ మా అరుగు మీద కూర్చుని ఉంది.

"ఆయన ఒడ్డుకొచ్చేప్పుడు ఈలేసేవోరండి. ఒక్కసారి వినిపించండి."

జోకు కోసం వెతుక్కున్నాను, దొరకలేదు. అది మెరుపేనని, సన్నటి స్వరం ముందొచ్చి బొంగురుది వెనకబడుతుందని చెప్పాను. పైన ప్లాస్మాలో యాంటెన్నా చుట్టూ విద్యుత్తు కమ్ముకుంటుందని, అది వినేదాంట్లో దాని సొంత గోల కూడా ఉంటుందని, ఆ రెంటినీ విడదీయడమే నా పనని కూడా చెప్పాను. అంతా ఓపిగ్గా విని, హెడ్‌ఫోన్స్ కోసం చెయ్యి చాచింది.

చాలాసేపు చిటపటలే. మా వైపు ఈలలు అరుదు. ఆవేళ రాకూడదని, భౌతికశాస్త్రం చదివినవాణ్ణి, భీమేశ్వరుడికి మొక్కుకున్నాను. వచ్చింది. మీటరు ముల్లు కదిలింది. ఆవిడ కళ్ళు మూసుకుంది.

"ఆయనేనా?" అని అడిగింది నేనే.

"ఆయన ఈల పైకి లేచేదండి, ఇంటికొస్తన్నట్టు. ఇది దిగిపోతందండి."

హెడ్‌ఫోన్స్ కొంగుతో తుడిచి బల్ల మీద పెట్టింది. ఇంటికెళ్ళి, బొమ్మ చేసుకోమని పెద్దలకు చెప్పింది.

ఆ తరవాత ఆవిడ నా తీగ మీద చేపలు ఎండేయలేదు. ఫలితాలు శుభ్రంగా వచ్చాయి. థీసిస్‌లో ఆ ఈల పక్కన, మూలం దూరపు మెరుపు అని రాశాను. పరీక్షకులు ఒప్పుకున్నారు. నేనే, అప్పుడప్పుడూ, ఒప్పుకోలేకపోతాను.