పాపాఘ్ని చేపకు పేరు పెట్టకుండానే వెళ్లిపోయిన ఓబులేసు

మంగళవారం ఉదయం డాక్టర్ ఓబులేసు ఇక లేరన్న వార్త ఫోనులో విన్నాను. నమ్మలేక ఆయన భార్యనే అడిగాను. గుండె ఆగిన సమయం చెప్పారామె. అంకెలతో ధ్రువపడినదాన్ని తప్ప దేనినీ విశ్వసించని నాకు, ఆ క్షణాన ధ్రువీకరణే అశనిపాతమైంది.

కడపలో మేమిద్దరం ఒకే కళాశాలలో జంతుశాస్త్రం బోధించాము. వయసులో నాకంటే చిన్నవారు. నిష్ఠలో నాకు గురుతుల్యులు. పాపాఘ్ని ఏటి మడుగులో, చిటికెనవేలంత, ఇసుకలో దూరి దాక్కునే చారల చేప ఒకటి ఆయన కంటపడింది. అది ఎక్కడా నమోదు కాని జాతి అని ఆయన అనుమానం. దాన్ని రుజువు చేసి, శాస్త్రలోకంలో ఆ చేపకొక నామధేయం సంపాదించడమే ఆయన శేషజీవిత సంకల్పమైంది.

అందుకు ఆ చేప మైటోకాండ్రియా జన్యుపటాన్ని, సుమారు పదహారున్నర వేల అక్షరాల వలయాన్ని, ఆద్యంతం చదవాలి. ఆయన పద్ధతి విలక్షణం. తోకరెక్క అంచున ఆవగింజంత కత్తిరించి ఆల్కహాలులో వేసి, చేపను తిరిగి నీటిలో వదిలేవారు. వల వేసే నాగన్న ఊరుకునేవాడు కాదు: "ఏం సార్, చేపకు గోళ్లు తీసి పంపిస్తాండావా? ఇంట్లో ఆడోళ్లు పొయ్యి ఎలిగించుకోని కాసుకోనుండారు!"

"ఇది నీ పులుసుకు చాల్దు లేప్పా, నా చదువుకు చాల్తాది," అని ఓబులేసు నవ్వేవారు.

ఒక్కదాన్నయినా సీసాలో భద్రపరచమని నేను గట్టిగా చెప్పాను. "ఉండేటివే నాలుగైదు, సార్. ఒకటి నేను ఎత్తుకొస్తే ఏటికేం మిగుల్తాది? వానలు పడితే శానా అయితాయి, అప్పుడు తీసుకుందాం," అన్నారు.

వలయం పూర్తయింది. ముప్పైఏడు జన్యువులూ వరుసలో నిలిచాయి. సమీప జాతులతో భేదం సుస్పష్టం. వ్యాసం శాస్త్రపత్రికకు పంపితే పరిశీలకులు ఒకే ప్రశ్న వేశారు: ఆధార నమూనాగా భద్రపరచిన చేప ఏది? ఛాయాచిత్రం చాలదన్నారు.

నమూనా కోసం మేము తిరిగి వెళ్లేసరికి మడుగు స్థానంలో టిప్పర్లు తోడుకుపోయిన గుంత ఉంది. ఇసుకతోపాటే నీరూ పోయింది. "యాడుండాయి సార్ ఇంగ? ఈడ వల నానేదానికి గూడా నీళ్లు ల్యావు," అన్నాడు నాగన్న. ఓబులేసు గుంతలోకి దిగి, మోకాళ్లపై కూర్చుని చేతులతో తవ్వారు. నేను వారించలేదు. అడుగున తేమ కూడా తగల్లేదు.

వానలు పడ్డాక ఎగువా దిగువా వల వేయించారు. ఒక్క చేపా చిక్కలేదు. "నేను దాన్ని బతికిస్తాండా అనుకుంటిని, సార్," అన్నారు కడసారి కలిసినప్పుడు.

ఏ ప్రాణికీ హాని తలపెట్టక శాస్త్రాన్ని సేవించిన ఆ ధన్యజీవికి అంజలి ఘటిస్తున్నాను. ఆయన సాధించిన జన్యుపటం సంపూర్ణం, దోషరహితం. అది ఏ జాతిదో రాయవలసిన చోటు ఖాళీగానే ఉంది. దాన్ని పూరించగల చేప కనబడదు. కనబడేదాకా ఏటివెంట నడవగల ఓబులేసు లేరు.