చేటలో యువరాజు

మా ముత్తాత రామభద్ర భూపతి గారు పన్నెండు ఊళ్లకు దొర. మా తాత నరసింహ భూపతి గారు వస్తుంటే పర్చూరు సంతలో బేరాలు ఆగేవట. నేను అదే పర్చూరులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. మా వంశంలో జీతానికి చేరిన మొదటివాణ్ని నేనే. అయినా దర్జా తగ్గుతుందని ఏనాడూ పాఠం కూర్చుని చెప్పలేదు.

2018లో ఫైనలియర్‌కు ఇంగ్లండు చరిత్ర చెబుతున్నాను. మా పనిలో డైనాస్టిక్ చార్ట్ అని ఒకటుంటుంది. ఒక రాజవంశంలో పుట్టినవాళ్లను, పోయినవాళ్లను ఒకే పటంలో చూపిస్తుంది. పదిహేడో శతాబ్దపు చార్టు బోర్డు మీద గీశాను. రాజుగారి తమ్ముడికి కొడుకు పుడితే కేంబ్రిడ్జి డ్యూక్ అన్నారు. వాడు పోతే అదే బిరుదు తరవాతివాడికి ఇచ్చారు. అలా నలుగురు. ఒక్కడూ అయిదో ఏడు చూడలేదు. ఆ తమ్ముడి కూతురే తరవాత రాణి అయింది. ఆమె ఎన్నోసార్లు గర్భవతి అయినా, పసితనం దాటినవాడు ఒక్కడే. వాడూ పదకొండేళ్లకు పోయాడు.

రాధిక అనే విద్యార్థిని లేచింది. పక్క పల్లెలో మిరప రైతుల కోడలు, నిండు గర్భిణి.

"ఆ రాణి ఏం చేసిందండీ?"

"వారసుడి సంగతి పార్లమెంటు తేల్చిందమ్మా."

"కిరీటం సంగతి కాదండీ. ఆమె సంగతి."

నేను బోర్డు వైపు తిరిగి తరవాతి రాజు పేరు రాశాను. రాధిక మొదటి బిడ్డ నెల తిరక్కుండానే పోయాడని తరవాత తెలిసింది.

ఈసారి నెల ముందే మగపిల్లవాడు పుట్టాడు. గుంటూరు ఆసుపత్రిలో కొన్నాళ్లు అద్దాల బాక్సులో ఉంచి, గట్టిపడ్డాక ఇంటికి పంపారు. కానీ రాధిక వాడికి ఏ పేరూ పెట్టనివ్వలేదు. పిలవడం అలవాటయ్యాక పిలవడానికి వాడు లేకపోతే ఎలా అని ఆమె భయం. అత్తగారు ఆదిలక్ష్మమ్మ నాకు కబురు పెట్టింది. పేరు పెట్టించడానికే అనుకున్నాను. పట్టు ఉత్తరీయం వేసుకుని, మా ముత్తాతగారి పేరే ఇద్దామని వెళ్లాను.

ఆమె నన్ను నేరుగా పెరట్లోకి తీసుకెళ్లింది. అక్కడ పెంటదిబ్బ మీద చేట, చేటలో పిల్లవాడు. బిడ్డలు దక్కని ఇళ్లలో మా వైపు చేసేదే ఇది. దిబ్బ మీద దొరికినట్టు ఎవరో ఎత్తుకోవాలి, తల్లి నూకలిచ్చి వాణ్ని కొనుక్కోవాలి. పారేసిన బిడ్డ జోలికి మృత్యువు రాదని నమ్మకం. నేను అనుకున్న పేరు చెప్పాను.

"అంత పేరు పెడితే యముడిక్కూడా వినపడుద్దండి," అంది ఆదిలక్ష్మమ్మ. "మీరు పాఠంలో చెప్పిన ఆ ఇంగ్లీషోళ్లు చచ్చినోడి బిరుదు తెచ్చి పుట్టినోడికి తగిలించారంటగా. అడ్రసు ఇచ్చి పిలిచినట్టే గదా. మీ ఇంట్లో చూడండి, ఆస్తులు కరిగిపోయినా మనుషులు మాత్రం తొంభై దాటారు. మీరు ఎత్తుకోండి చాలు."

మా వంశాన్ని ఇంత సూటిగా ఎవరూ తూచలేదు. ఉత్తరీయం నడుముకు బిగించి దిబ్బ ఎక్కాను. ఎత్తుకోగానే వాడు ఆ పట్టంతా తడిపేశాడు. పెరట్లో వాళ్లంతా విరగబడి నవ్వారు. నేనూ నవ్వు ఆపుకోలేకపోయాను.

రాధిక దోసిట్లో నూకలతో ఎదురొచ్చింది. "ఇవి సరిపోతాయాండీ?"

"ఈ పెంటయ్యకు అవే ఎక్కువమ్మా."

ఆమె నవ్వింది. వాణ్ని గుండెకు హత్తుకుని, "పెంటయ్యా, ఒరేయ్ పెంటయ్యా," అని పిలిచింది. పిలుస్తూనే ఉంది.

ఇప్పుడు వాడు బడికి వెళుతున్నాడు. నేను ఆ చార్టు గీసినప్పుడల్లా కిరీటం కంటే ముందు తల్లుల సంగతి చెబుతున్నాను. భూములు, దివాణం, గుర్రపుసాల మా పెద్దలు అమ్మారు. నా చేతుల మీదుగా అమ్ముడుపోయింది పెంటయ్య ఒక్కడే, దోసెడు నూకలకు.