పొగమంచులో నలభై పేజీలు

1986 చలికాలానికి నేను బిలాస్‌పూర్‌లో గూడ్సు గార్డుగా చేరి రెండో ఏడు నడుస్తోంది. రాయపూర్ వైపు బొగ్గుతో వెళ్ళే బండ్లు, అటునుంచి ఖాళీగా తిరిగొచ్చే బండ్లు, నా డ్యూటీ ఎక్కువగా వాటి మీదే. బండికి చివర ఉండే బ్రేక్‌వ్యానులో గార్డు ఉంటాడు. ముందు ఇంజనులో డ్రైవరు, అసిస్టెంటు ఉంటారు. మధ్యలో అరకిలోమీటరుకు పైగా వ్యాగన్లు. వాకీటాకీలు అప్పటికి మా చేతికి రాలేదు. జెండా, దీపం, ఇంజను ఈల, వ్యానులో బ్రేకు గొట్టం స్థితి చూపే వాక్యూమ్ గేజీ ముల్లు, ఇవే మా మధ్య మాటలు. పొగమంచు దిగితే జెండా, దీపం పోయి ఈల, ముల్లు మిగులుతాయి.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం మా రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో తెలుగు సినిమా వేశారు. రైలు ప్రమాదం చుట్టూ అల్లిన ఒక నవలను సినిమాగా తీశారని ముందే తెలిసి, కాలనీలోని తెలుగువాళ్ళంతా దుప్పట్లు కప్పుకొని వచ్చారు. రెండింటి పేర్లూ ఇక్కడ అనవసరం. ఆ నవల నేను అప్పటికే మూడుసార్లు చదివాను. అందులో గుండెకాయలాంటి ఘట్టం ఒకటుంది. మంచులో గూడ్సు బండి ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఏం జరిగిందో తెలియదు. వ్యాగను పక్క లైనుకు అడ్డం పడిందేమో తెలియదు. ఆ లైనులో ఎదురు బండి వస్తోందో లేదో తెలియదు. ఒక మనిషి పటాకాలు పట్టుకొని ముందుకు నడుస్తాడు. నలభై పేజీల నడక అది.

పటాకా అంటే పట్టా మీద బిగించే చిన్న గుండ్రటి రేకు డబ్బీ. కాగితాల్లో దాని పేరు డిటొనేటర్. చక్రం ఎక్కగానే పేలుతుంది. మంచులో జెండా కనిపించని డ్రైవరుకు ఆ చప్పుడే ఎర్రజెండా. ఆగిన బండికి ఆరువందల మీటర్ల దూరంలో ఒకటి, పన్నెండు వందల మీటర్ల దూరంలో మూడు పెట్టాలని నిబంధన. వేగంలో ఉన్న బండికి ఆగడానికి అంత మేర కావాలి. నేను పదో తరగతితో బడి మానేసినవాణ్ణి. వేగాలు, బరువులు, బ్రేకు దూరాల లెక్కలు వ్యానులో కూర్చుని సొంతంగా నేర్చుకున్నాను. నవల రాసినాయన లెక్క ఎక్కడా తప్పలేదు.

సినిమాలో ఆ నలభై పేజీలు అయిదు నిమిషాలయ్యాయి. పొగమంచు లేదు, మిట్టమధ్యాహ్నం ఎండ. పటాకాలు లేవు. హీరోయిన్ ఎర్రచీర కొంగు చింపి ఇస్తుంది, హీరో దాన్ని ఊపుతూ ఎదురు బండి మీదికి పరుగెత్తుతాడు. ఒకసారి బండి, ఒకసారి హీరో, మళ్ళీ బండి. చివరికి ఇంజను అతని ముక్కుకు మూరెడు దూరంలో ఆగింది. జనం ఈలలు వేశారు.

బయటికొచ్చాక టీ బండి దగ్గర మాకు వాదన పడింది. నా బండి మీద తరచుగా పనిచేసే డ్రైవరు సింహాచలం గారు, ఆయన అసిస్టెంటు రాంబాబు అక్కడే ఉన్నారు. రాంబాబు మా వెనక లైను క్వార్టర్లో పుట్టి పెరిగినవాడు, ముప్పై దాటలేదు. నన్ను బాబాయ్ అంటాడు.

"ఏటి బాబాయ్, ఆ పుస్తకంలో మనిషి నలభై పేజీలు ఉట్టినే నడుస్తాడు. నాను సగంలో పడేసినాను. సినిమా అయితే ఫటాఫట్ తేల్చీసినాడు, అచ్ఛా లగా" అన్నాడు.

ఎర్రగుడ్డ కనిపించాక బ్రేకు వేస్తే బండి అక్కడ ఆగదనీ, హీరోను దాటి చాలా దూరం పోయి ఆగుతుందనీ నేను లెక్క చెప్పాను.

సింహాచలం గారు టీ ఊదుకుంటూ, "అది సరేగానయ్యా, గార్డు దగ్గర రెండు ఎర్రజెండాలు ఉంటాయి గదా. ఆ పిల్ల కొంగు చింపడం దేనికి? మన స్టోర్స్‌లో జెండాలు అయిపోయినాయేటి?" అన్నారు. అందరం నవ్వుకున్నాం.

పక్షం తిరగకుండానే మేం ముగ్గురం ఖాళీ వ్యాగన్లతో బిల్హా దాటి బిలాస్‌పూర్ వైపు వస్తున్నాం. పొద్దు పొడిచింది గాని మంచు విడలేదు. పొలాలు కనిపించడం లేదు. నా వ్యాను ముందున్న రెండో వ్యాగను కూడా కనిపించడం లేదు. ఉన్నట్టుండి వ్యాను ఎగిరిపడినట్టయింది. ముందు ఎక్కడో ఇనుము ఇనుమును గీరిన చప్పుడు. గేజీ ముల్లు సున్నాకు పడిపోయింది. బండి ఆగింది. ఇంజను ఈల ప్రమాద సంకేతం ఇచ్చింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

ఏదో పట్టాలు తప్పిందని తెలుస్తూనే ఉంది. ఏది, ఎటువైపు ఒరిగింది, తెలియదు. అది బిలాస్‌పూర్ నుంచి రాయపూర్ వెళ్ళే లోకల్ బయల్దేరే వేళ. ఆఫీసులకూ కాలేజీలకూ పోయే జనం తలుపుల్లో వేలాడుతూ వస్తారు. అది వచ్చేది పక్క లైనులో, ఇంజను ఎదురుగా. ఆ వైపు కాపాడవలసింది ఇంజను వాళ్ళు. బండి వెనకవైపు కాపాడవలసింది నేను. నేను ముందుకు పరుగెత్తితే వెనక ఎవరూ ఉండరు. పైగా నేను ఇంజను దాటి ఇంకో పన్నెండు వందల మీటర్లు పోయేలోపు లోకల్ వచ్చేస్తుంది.

పటాకాల డబ్బా తీసుకొని వెనక్కి నడిచాను. నాలుగడుగులు వేశానో లేదో వ్యాను మంచులో కలిసిపోయింది. ఆరువందల దగ్గర ఒకటి బిగించాను. వేళ్ళకు స్పర్శ లేదు. కాళ్ళు వెనక్కి పోతున్నాయి, చెవులు ముందుకే ఉన్నాయి. ఇంజను ముందుకు పటాకాలతో వెళ్ళవలసింది అసిస్టెంటు, అందుకే నా భయమంతా రాంబాబు గురించే. వాడు ఎర్రజెండా పట్టుకొని ఇంజను ముందే నిలబడ్డాడేమో. ఈల వేసి మెచ్చుకున్న ఆ దృశ్యమే వాడి తలలో ఉందేమో. నేను అరిస్తే వాడికి వినపడదు. వాడు తప్పు చేస్తే నాకు కనపడదు.

పన్నెండు వందల దగ్గర మూడూ బిగించి, జెండా పట్టుకొని నిలబడ్డాను. అప్పుడు వినిపించాయి, చాలా దూరంగా, తడిసిన టపాకాయల్లాగా. ఒకటి, రెండు, మూడు.

సంతోషించడానికి లేదు. సరైన చోట పెట్టి ఉంటే నాకూ ఆ చోటుకూ మధ్య మూడు కిలోమీటర్లు. చప్పుడు నా చెవికి చేరడానికి దాదాపు తొమ్మిది సెకన్లు పట్టి ఉంటుంది. అంటే నేను విన్నది అప్పటికే జరిగిపోయింది. మూడూ పన్నెండు వందల దగ్గర పెట్టాడో, భయపడి దగ్గర్లోనే పెట్టాడో చప్పుడు చెప్పదు. ఆరువందల దగ్గరిది పేలితేనే బండి ఎంత దూరం వచ్చిందో తెలుస్తుంది. నాలుగోదాని కోసం చూశాను. నాలుగోది పేలింది. బండి ఇంకా ఆగలేదన్నమాట. ఇక మిగిలింది ఒకే చప్పుడు, గుద్దుకునేది. ఆ చప్పుడు కోసం నిలబడ్డాను. రాలేదు. చాలాసేపటికి రెండు వేరువేరు ఇంజన్ల ఈలలు, ఒకదాని తర్వాత ఒకటి వినిపించాయి.

నిబంధన ప్రకారం ఇంజను ఈలతో నన్ను వెనక్కి పిలిచాక ఇంజను దాకా నడిచి వెళ్ళాను. ఇంజను వెనక ఎనిమిదో వ్యాగను పక్క లైను మీదికి పూర్తిగా ఒరిగి ఉంది. లోకల్ మా ఇంజనుకు నాలుగు పెట్టెల దూరంలో ఆగింది. జనం దిగి చూస్తున్నారు, ఒకాయన టిఫిను డబ్బా పట్టుకొని ఒరిగిన వ్యాగను దాకా నడిచి వచ్చాడు.

"మొదట హీరో అయిపోయినాడయ్యా మనోడు" అన్నారు సింహాచలం గారు. "ఇంజను ముందర నిలబడి జెండా ఊపుతున్నాడు. ఒరే, ఎవులికిరా ఆ ఊపడం అని అరిచినాను."

రాంబాబు పట్టా పక్కన కంకర మీద కూలబడి ఉన్నాడు. అరచేతులు రేకు కోసుకొని రక్తం కారుతున్నాయి. "జెండా చివర నాకే కనబడలేదు బాబాయ్" అన్నాడు. "అప్పుడు నడిచినాను. మూడోది బిగిస్తంటే చేతికింద పట్టా వణికింది." "నలభై పేజీలూ నడిచినాను. ఒక్కటీ వదల్లేదు" అన్నాడు.

ఆ సినిమా బాగాలేదనే ఇప్పటికీ అంటాను, కారణం మాత్రం మార్చుకున్నాను. అందులో దూరాల లెక్క తప్పని, చీర కొంగు తప్పని మొదట అనుకున్నాను. అవి చిన్న తప్పులు. అసలు తప్పు ఎదురు బండిని చూపించడం. చూసేవాడికి బండి వస్తోందని ముందే తెలిసిపోయింది. నవలలో చివరిదాకా బండి కనిపించదు. మా పనిలో బండి కనిపించాక చేయగలిగింది ఏమీ ఉండదు. అది వస్తుందో రాదో తెలియనప్పుడే నడిచి ముగించాలి. తర్వాత కొత్త గార్డులు నా దగ్గర పని నేర్చుకునేటప్పుడు మొదట చెప్పిన మాట ఇదే.

ఆ పొద్దున నేను వెనక పెట్టిన నాలుగూ పేలలేదు. వెళ్ళి, విప్పి, తుడిచి డబ్బాలో పెట్టుకున్నాను. కంటిచూపు తగ్గి ఉద్యోగం వదిలేదాకా నేను బిగించిన పటాకాల్లో చాలామటుకు అలా తిరిగి డబ్బాలోకి వచ్చినవే.