గాలి మొగిలన్న, నాలుగు వేలు దాటని కారు

మా మొగిలన్న లెక్కలో లోకానికున్న రోగం ఒక్కటే. గాలి ఆడకపోవడం.

గోదావరిఖనిలో ఒక బొగ్గు గని మీద, ఫ్యాన్‌హౌజ్‌లో ముప్పై నాలుగేళ్లు పనిచేశాడు. గని లోపలి చెడుగాలిని బయటికి లాగే పెద్ద ఫ్యాను సరిగ్గా తిరుగుతోందా లేదా అని చూడటం ఆయన డ్యూటీ. అన్నేళ్లు ఒక్క ఫ్యానునే చూసిన మనిషికి మిగతా ప్రపంచం కూడా ఫ్యానులాగే కనబడుతుంది కాబోలు. కుక్కర్ కూత పెట్టకపోతే గాలి. కూతురు శోభ లెక్కల్లో తప్పితే, ఆ పిల్ల చదివే గదికి రెండో కిటికీ లేదు, గాలి. పక్క క్వార్టర్ల అన్నదమ్ములు మాటలు మానేస్తే, ఇద్దరి తలుపులూ ఒకే దిక్కుకున్నాయి, మళ్లీ గాలే.

"జరమొచ్చినోనికి గూడ కిటికీ తీస్తడు గాని గోలి ఇయ్యడు తమ్మీ," అంటుంది ఆయన భార్య అనసూర్యక్క.

శోభ పెళ్లిలో హోమం పొగ పిల్ల కళ్లలో పడుతోందని స్టాండు ఫ్యాను తెప్పించి, మండపం వెనక నిలబెట్టి, ఎటు నుంచి ఎటు లాగాలో లెక్కగట్టి మరీ తిప్పాడు. పొగ పోయింది. దాంతోపాటు తలంబ్రాలు కూడా లేచిపోయి, మూడో వరసలో కూర్చున్న మా ఆఫీసు సూపరింటెండెంటు మీద పడ్డాయి. ఫోటోల్లో చూస్తే పెళ్లి ఆయనకే అయినట్టుంటుంది.

ఈ కథలు ఊరికి పంచే బాధ్యత నేను తీసుకున్నాను. సాయంత్రం బుచ్చన్న హోటల్లో లేచి మొగిలన్నలా "గాలి ఆడుతలేదు" అన్నానంటే చాయ్ గ్లాసులు తొణికేవి. మొగిలన్న కూడా అక్కడే మూల బల్ల దగ్గర ఉండేవాడు. ఒక్కనాడూ కోపం తెచ్చుకోలేదు. నాకు గాలి ఎక్కువైందని మాత్రం ఒకసారి అన్నాడు.

ఇక చక్రపాణిగారు. కోస్తా వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇంజనీరుగా రిటైరైన పెద్దమనిషి. రిటైరయ్యాక కొందరు తీర్థయాత్రలకు పోతారు. ఈయన ఇరవై ఏళ్ల పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నారు. నేలకు ఎంత దగ్గరంటే, దాంట్లో ఎక్కడం ఉండదు, పడటమే. లేవాలంటే డ్రైవరు రాయమల్లు చెయ్యి అందించాలి. ముందొక బొగ్గు టిప్పరు, వెనకొక బొగ్గు టిప్పరు, నడుమ పది స్పీడుబ్రేకర్లు ఉండే మా ఊళ్లో ఆ కారు తిరుగుతుంటే, పెళ్లికొడుకును తెచ్చి క్యూలో నిలబెట్టినట్టుండేది.

ఆ కారుకు జబ్బు చేసింది. నెమ్మదిగా పోతే బాగానే ఉంటుంది. ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్లు దాటిందంటే చాలు, బలమంతా జారిపోయి, రెండంతస్తులు ఎక్కిన చక్రపాణిగారిలా రొప్పుతుంది. మంచిర్యాల మెకానిక్ ప్లగ్గులన్నీ మార్చాడు. కరీంనగర్ నుంచి వచ్చిన ఇంకో ఆయన లాప్‌టాప్ తగిలించి, గంటసేపు చూసి, లాప్‌టాప్ బాగానే ఉందన్నాడు.

చక్రపాణిగారికి అనుమానం రాయమల్లు మీద. "నా బానెట్ కింద ఎవడైనా చెయ్యి పెట్టాడని తేలిందా, అదే వాడికి ఆఖరి రోజు," అన్నారు, పేరు చెప్పకుండా, రాయమల్లునే చూస్తూ. రాయమల్లు కూతురు సంతోషి నర్సింగ్ ఆఖరి ఏడాదిలో ఉంది. అది పూర్తయ్యేదాకా ఆ ఉద్యోగం ఉండి తీరాలి. ఈ సంగతి ఊరందరికీ తెలుసు, చక్రపాణిగారికి తప్ప.

అలాంటి చోటికి మొగిలన్నను తీసుకెళ్లింది నేనే. కారు బాగుపడుతుందని కాదు. హోటల్‌కు కొత్త కథ దొరుకుతుందని.

కారు చుట్టూ ఒకసారి తిరిగి, అనుకున్న మాటే అన్నాడు. చక్రపాణిగారు నవ్వారు.

"ఏవయ్యా మొగిలీ, గాలి ఫిల్టరు పోయిన నెల్లోనే షోరూమ్‌లో కొత్తది వేయించాను. దాన్ని విప్పి చూడక్కర్లేదు."

"ఇప్పద్దంటే ఇప్పను సార్. గాలి సంగతి నీళ్లు జెప్తయి."

సంచిలోంచి ఒక పలక తీశాడు. దానికి సన్నటి ప్లాస్టిక్ గొట్టం వంచి కట్టి ఉంది, అందులో సగం దాకా ఎర్రసిరా నీళ్లు. గనిలో గాలి లాగుడు కొలిచే పద్ధతే అది. లాగుడు ఎంత ఎక్కువైతే నీళ్లు ఒక పక్కకు అంత పైకెక్కుతాయి. గొట్టం కొసను ఫిల్టరుకూ ఇంజనుకూ మధ్య ఎక్కడో దూర్చాడు. నన్ను స్టీరింగ్ ముందు పడమన్నాడు, పడ్డాను. మీటరులో ముల్లు ఎంత దాటుతుందో చూడటానికి చక్రపాణిగారు పక్కన పడ్డారు. మా ముందు లేపిన బానెట్, గోడలా. దాని అవతల మొగిలన్న, రాయమల్లు.

"తొక్కు తమ్మీ."

తొక్కాను. మూడు వేలు. నాలుగు వేలు. రొప్పడం మొదలైంది. ఇంకా తొక్కమన్నాడు, ఆ తర్వాత బంద్ చెయ్యమన్నాడు. అవతల క్లిప్పులు ఊడిన చప్పుడు. చాలాసేపు ఏమీ లేదు. మళ్లీ క్లిప్పులు పడ్డ చప్పుడు.

బానెట్ దిగింది. మొగిలన్న ముఖం ఆముదం తాగినట్టుంది. పొట్ట కూడా పొద్దున కన్నా కాస్త ఎత్తుగా కనబడింది గానీ, నేను పట్టించుకోలేదు.

"గాలేనా అన్నా?" అన్నాను, నవ్వు సిద్ధంగా పెట్టుకుని.

"కాదు," అన్నాడు. తర్వాతి మాట రావడానికి అర నిమిషం పట్టింది. "పెట్రోలు."

పెట్రోలు ఫిల్టరు మార్చాడు. పాతదాన్ని దులిపి మురికి చూపించాడు. చక్రపాణిగారు కారును రహదారి మీదికి తీసుకెళ్లి, ఆరు వేలు దాటించి, కొత్త పెళ్లికొడుకులా తిరిగొచ్చారు. "చూశావా, గాలీ లేదు, గీలీ లేదు," అని మొగిలన్న వీపు తట్టారు.

నాకింకేం కావాలి? మూడు రోజులు బుచ్చన్న హోటల్లో అదే ఆట. ముప్పై నాలుగేళ్ల గాలి ఒక్క పూటలో దిగిపోయిందన్నాను. పంక్చరైన సైకిలు పట్టుకుని ఎవరో వచ్చి, "ఇది గూడ పెట్రోలేనా మొగిలన్నా," అని అడిగారు. ఆయన చాయ్ తాగుతూ తలూపాడు.

మూడో రోజు రాయమల్లు నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు.

"ఆయన్ను గట్ల అనకు సార్. నాకు తిన్నది అరుగుతలేదు."

అప్పుడు చెప్పాడు. షోరూమ్‌లో వేసిన కొత్త గాలి ఫిల్టరుకు బొగ్గు దుమ్ము పడుతుందని పానం ఆగక, తన భార్య పాత చీర ముక్క నాలుగు మడతలు వేసి దానికి చుట్టాడట. మా దగ్గర దుమ్ముకు అందరి మందూ అదే. నీళ్ల బిందెకూ పాత చీరే, టీవీకీ పాత చీరే. నెమ్మదిగా పోయినప్పుడు ఆ గుడ్డలోంచి వచ్చే గాలి ఇంజనుకు సరిపోయేది. వేగం పెరిగితే ఊపిరాడేది కాదు. ఆ రోజు ఎర్రనీళ్లు పైకెక్కడం చూసిన మొగిలన్న ఫిల్టరు డబ్బా తెరిచి, గుడ్డను చూసి, రాయమల్లును చూసి, దాన్ని చొక్కా కింద దోపుకున్నాడు.

నేను సిగ్గుపడుతూ ఆయన ఇంటికి పోయాను.

"ఇన్నేండ్లు గాలి గాలి అని మొత్తుకుంటివి. నిజంగ గాలైన నాడు పెట్రోలంటివి. ఎట్ల నోరొచ్చిందే అన్నా?"

"గాలంటే డబ్బ తీసి సూపియ్యాలె. సూపిస్తె రాయమల్లు నౌకరి పోతది. పెట్రోలంటే నా ఇజ్జత్ పోతది," అన్నాడు. "నా ఇజ్జత్ మీద ఎవ్వలు బతుకుతలేరు గద."

రేపటి నుంచి హోటల్లో నవ్వనని మాటిచ్చాను. ఆయన కంగారుపడ్డాడు.

"గా పని మాత్రం చెయ్యకు. నువ్వు బంద్ జేస్తే ఎందుకు బంద్ జేసినవని అందరడుగుతరు. నవ్వు. ఎప్పటికన్న జెర ఎక్కువనే నవ్వు."

ఇప్పుడు సంతోషి ఉద్యోగంలో చేరింది, చక్రపాణిగారు కారుతో సహా సొంతూరు వెళ్లిపోయారు, కాబట్టి ఇదంతా రాస్తున్నాను. అప్పుడు మాత్రం మర్నాడే హోటల్లో లేచి నిలబడి, మొగిలన్నలా "పెట్రోలు" అన్నాను. తల దించుకుని గబగబా అనేశాను. ఎవరూ నవ్వలేదు. పానం బాగలేదా అని బుచ్చన్న అడిగాడు.

మూల బల్ల నుంచి మొగిలన్న లేచి వచ్చాడు.

"జల్ది అంటున్నవ్ తమ్మీ. నాకు గా మాట గంత అల్కగ రాలే," అని నన్ను పక్కకు జరిపాడు. నా చోట నిలబడి, నోట్లో వేపపుల్ల ఇరుక్కున్నట్టు దవడలు ఆడించి, రెండు గుటకలు మింగి, అప్పుడన్నాడు.

హోటలంతా గొల్లుమంది. ఇప్పటికీ నాకు అంత బాగా రాదు.