కాఫీపూల అత్తరు

ఈ ఉదయం గానుగ నుంచి వచ్చిన నువ్వులనూనె క్యాను మూత తీయగానే సిస్టరమ్మ గుర్తుకొచ్చారు. హుకుంపేట దగ్గర మా ఊరి ఆడపడుచు ఆవిడ. మిషన్ బడి హాస్టల్లో ఉండి చదివి, సీలేరు ప్రాజెక్టు కాలనీలో నర్సుగా చేసి, తొంభైల చివర్లో రిటైరై తండ్రి వదిలిన కాఫీతోటకు తిరిగొచ్చారు. పెళ్లి చేసుకోలేదు. వస్తూ వస్తూ ఒక రాగి బట్టీ తెచ్చుకున్నారు. నిమ్మగడ్డి, వట్టివేరు అందులో ఉడికించి, ఆవిరి చల్లార్చి నూనెలు తీసి, వాటిని కలిపి అత్తర్లు చేసేవారు. మొదట్లో సారా కాస్తున్నారనుకుని ఊళ్లో మగవాళ్లు కొందరు గ్లాసులతో వచ్చారట. ఆవిడ వాళ్లను కూర్చోబెట్టి నిమ్మగడ్డి టీ పోసి పంపించారు.

ఇంటర్ అయ్యాక ఖాళీగా ఉన్న నేను ఆవిడ దగ్గర పనికి చేరాను. ఆవిడ మనసంతా కాఫీపూల మీదే ఉండేది. వేసవి వానకు తోటంతా ఒక్కసారే తెల్లబడుతుంది. రెండు మూడు రోజులకే ఆ పూత వాడిపోతుంది. ఉడికిస్తే వాసన చచ్చిపోతుంది కనుక, పొట్టు తీసిన నువ్వుల మధ్య పూలు పొరలుగా పరిచి, నువ్వులకు వాసన పట్టాక గానుగ ఆడించాలి. పూలు కోసిన చెట్టుకు కాయ ఉండదు. "కాయ ఏటా కాస్తాది. ఈ వాసన ఒక్కసారి సీసాలో సూడాలి" అని ఆవిడ ఆ ఏడు సగం తోట పూత కోయించారు.

ఆ రోజుల్లోనే ఆవిడకు జ్వరం పట్టుకుంది. జ్వరం తగ్గింది కానీ ముక్కుకు వాసన తెలియడం పోయింది. ఆ సంగతి అప్పట్లో నాతో అనలేదు. నూనె చేతికొచ్చిన రోజు ఒక చుక్క నా మణికట్టుకు రాసి, "నాకేటీ తెలట్లేదే గుంటా. నువ్వే సెప్పు" అన్నారు.

అప్పటికే విశాఖ దుకాణదారు ఒకాయన ఆ నూనె కోసం కబురు పెట్టి ఉన్నాడు. పూల వాసన ఉంది. దాని వెనకే తడిసిన గోనెసంచి వాసన కూడా ఉంది. వాన తడి ఆరకముందే పూలు పరిచేశాం, నువ్వులకు బూజు తగిలింది. మణికట్టు మళ్లీ ఒకసారి వాసన చూశాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆవిడ మళ్లీ అడగలేదు, ఇంకొకరిని వాసన చూడమనలేదు. నూనెంతా పొయ్యి రాజేసుకోవడానికి వాడేయమన్నారు. "మందు తేడాగా ఉందని తెలిసాక సూది ఏత్తామేటి?" అన్నారు అంతే. ఆ ఏడు సగం తోటకు కాయ లేదు, సీసాలో అత్తరూ లేదు.

మరుసటి ఏడు పూలను నీడన గుడ్డ మీద ఆరబెట్టాకే పరిచాం. పొద్దునా సాయంత్రం నేనే వాసన చూసేదాన్ని. ఈసారి నూనె శుభ్రంగా దిగింది. ఆవిడ ముక్కు మాత్రం బాగుపడలేదు. చాలా బాగుందని సంతోషంగా చెప్పాను.

"బావుందంటే నాకేటి తెలుస్తాది? ఎలాగుందో సెప్పు."

తడుముకుంటూ మొదలుపెట్టాను. మల్లె కంటే పల్చగా ఉందన్నాను. ముందు లేతాకు నలిపినట్టు, తర్వాత తేనెపట్టు దగ్గరకు వెళ్లినట్టు ఉందన్నాను. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. ఆపగానే ఇంకోసారి చెప్పమన్నారు. చెప్పాను.

"అదే. సెలవలకొచ్చినప్పుడు మా అయ్యతో తోటకెళ్తే అదే వాసన" అన్నారు.

సిస్టరమ్మ పోయి చాలా ఏళ్లయింది. బట్టీ ఇప్పుడు నా దగ్గరుంది. కొత్త అత్తరు కలిపినప్పుడు బాగుందనో లేదనో తేల్చేయడం నాకు చేతకాదు. వాసన తెలియని మనిషి ఒకరు ఎదురుగా కూర్చుని వింటున్నట్టు, మాటలు వెతుక్కుంటూ పైకే చెప్పుకుంటాను. ఎక్కడ మాట దొరకదో, అక్కడ అత్తరుకు ఇంకా పని ఉందని తెలిసిపోతుంది.