సీటు వెనక మూడు దెబ్బలు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే వాళ్లతో గొడవ పెట్టుకునే రకం నేను. హైదరాబాద్‌లో మేనమామ ఇంట్లో పెరిగాను. ఎవరేం చెప్పినా ఫోన్‌లో వెతికి, అబద్ధమని చూపించేదాకా నిద్రపట్టేది కాదు. ఇది మాత్రం అబద్ధమని చూపించలేకపోతున్నాను.

మా బాపు గోదావరిఖనిలో, భూగర్భ గనిలో పనిచేశాడు. ఊపిరితిత్తులు దెబ్బతిని అన్‌ఫిట్ అయ్యాక ఆయన బదులు నాకు ఉద్యోగం వచ్చింది, నేల పైనుంచే బొగ్గు తవ్వే ఓపెన్‌కాస్ట్ గని వర్క్‌షాపులో. బాపు ఇప్పుడు మంచం మీదే. పక్కన ఆక్సిజన్ మిషన్. గడప దాటి చాలా కాలమైంది.

మొదట్లో డ్యూటీకి కారులో వెళ్లేవాణ్ణి. బొగ్గు టిప్పర్లు దారి ఇవ్వకపోతే దిగి మరీ తిట్టేవాణ్ణి. ఒకసారి చెయ్యి కూడా లేచింది. ఆ సంగతి తెలిసి బాపు కారు తాళం తన తలకింది మెత్త అడుగున పెట్టుకున్నాడు.

"సైకిల్ మీద పో. తొక్కితెనన్న నీ కోపం దిగుతది."

అది ఆయన పాత డ్యూటీ సైకిల్. వెనక పెద్ద ఇనుప క్యారియర్. ఉడుక్కుంటూనే బయటికి తీశాను.

కొద్ది రోజులకే గమనించాను. మేముండే క్వార్టర్ల సందు దాటగానే సీటు వెనక టక్, టక్, టక్ అని మూడు దెబ్బలు, వేలి కణుపులతో తలుపు తట్టినట్టు. ఆ వెంటనే సైకిల్ బరువెక్కేది. గని గేటు దగ్గరికి రాగానే ఒక్క దెబ్బ. బరువు దిగిపోయేది.

సీటు వదులైందేమోనని ఖాదర్ భాయ్ సైకిల్ దుకాణంలో చూపించాను. బోల్టులన్నీ బిగుతుగానే ఉన్నాయి. వెనక చక్రం స్పోకులు మాత్రం విరిగి ఉన్నాయి.

"ఎవర్ని డబుల్స్ ఎక్కిచ్చుకుంటున్నవ్ భయ్యా? మాకు దావత్ ఇయ్యకుండనే షాదీ చేసుకున్నవా?"

"ఒక్కణ్ణే పోతున్న భాయ్!" అని అరిచాను.

"అరె, గుస్సా ఎందుకు? స్పోకులు నాకు చెప్పినయ్, నేను నీకు చెప్పిన."

ఒళ్లు మండింది. మరునాడు బైక్ మీద వచ్చే వర్క్‌షాపు దోస్తుకు నా ఫోన్ ఇచ్చి, వెనకనుంచి వీడియో తీయమన్నాను. వీడియోలో క్యారియర్ ఖాళీ. కానీ సందు దాటిన చోట, ఎవరో కూర్చున్నట్టు వెనక టైరు ఒక్కసారిగా అణిగింది. గాలి తక్కువుందన్నాడు వాడు. నేను ఆ పొద్దునే గాలి కొట్టించాను.

తర్వాత ఒక వాన రోజు ఒక టిప్పర్ నామీద బురద చిమ్ముకుంటూ పోయింది. డ్రైవర్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే కారు తాళం ఇక చేతికి రాదు.

ఆ మరునాడు పొద్దున రైలు పట్టాల మలుపు దగ్గర, గని గేటు ఇంకా చాలా దూరం ఉండగానే, ఒక్క దెబ్బ పడింది. గట్టిగా. బరువు పోయింది. బ్రేకు వేసి వెనక్కి చూశాను. ఏమీ లేదు. ఎందుకో డ్యూటీ సంగతి మరిచి సైకిల్ ఇంటివైపు తిప్పాను.

సగం దారిలో ఉండగా ఫోన్ మోగింది. అమ్మ.

"జల్ది రారా! బాపుకు ఊపిరి అందుతలేదు!"

మెత్త కింద నుంచి తాళం లాగి, బాపును కారులో దవాఖానకు తీసుకుపోయాను. ఇంకాస్త ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టర్.

దవాఖానలో ఆక్సిజన్ మాస్కు తీసిన రోజు బాపు మెల్లగా అన్నాడు. "నువ్వు తిట్టిన టిప్పర్ పిలగాడు నాతోని గనిల పనిచేసిన సమ్మయ్య కొడుకురా. పోయి మంచిగ మాట్లాడు."

"నీకెవరు చెప్పిన్రు?"

"ఒకలు చెప్పుడేంది?" అని నన్నే వింతగా చూశాడు. "ఒక చేత్తోని ఫోన్ చూసుకుంట తొక్కుతవ్. ఎనక కూసున్నోని పానం ఎట్లుంటది?"

ఏదో అడగబోయాను. అప్పటికే కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఎప్పుడు కదిపినా, ఆ మాట అన్నట్టే గుర్తులేదన్నాడు.

ఇంటికొచ్చాక ఇంకోలా అడిగాను. "బాపు, మూడు దెబ్బలంటె ఏంది?"

"గంటలా? లోపలికి దిగే బండికి కొడుతుంటిమి. మూడంటె మనుషులెక్కిన్రు. ఒకటంటె ఆపు. అది తప్పితె పానాలు పోతయ్ బిడ్డా."

నేను పనిచేసేది ఓపెన్‌కాస్ట్‌లో. అక్కడ ఆ బండీ లేదు, ఆ గంటా లేదు. చిన్నప్పుడు ఎప్పుడో వినుంటానని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. మరి సమ్మయ్య కొడుకు సంగతి? విరిగిన స్పోకుల సంగతి?

బాపు బాగా చిక్కిపోయాడు. వానలు ఎక్కువయ్యాయని కారు తాళం తనే ఇచ్చాడు. తిరిగి మెత్త కిందే పెట్టాను. క్యారియర్ మీద తువ్వాల మడిచి కట్టాను. "ఇనుప ముక్కకు పరుపు ఎందుకురా?" అని అమ్మ నవ్వింది.

ఇప్పుడు ఫోన్ జేబులో పెట్టి బయలుదేరుతున్నాను. సందు చివర మెల్లగా తొక్కుతాను. మూడు దెబ్బలూ పడేదాకా నాకు ఊపిరాడదు. ఇప్పటిదాకా పడుతూనే ఉన్నాయి.

ఇదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఈమధ్య ఆ బరువు తగ్గుతూ వస్తోంది. ఖాదర్ భాయ్ వేసిన కొత్త స్పోకులు ఒక్కటి కూడా విరగలేదు. ఒక్కటైనా విరిగిందేమోనని రోజూ వంగి చూస్తున్నాను.